గట్టు దాటిన మన్ను

ఇవాళ పీకకూడదని ఇంటి దగ్గర గట్టిగా అనుకుని వచ్చి కూడా, చేలో దిగగానే తిప్పయ్య ఒక సోయా మొక్కను పీకాడు. వేరుకు అంటిన నల్లరేగడి మన్నును వేళ్ళతో రాల్చి, మిగిలిన మన్నును చెంబులో నీళ్ళతో కడిగి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. తెల్లటి వేరు, దానికి నాలుగు పీచులు. అంతే. నిన్న పీకినదీ ఇట్లాగే ఉంది. మొన్నటిదీ ఇట్లాగే ఉంది. అవి గట్టు మీద వాడి పడి ఉన్నాయి. వాటి పక్కనే దీన్నీ వేశాడు.

"ఏమప్పా తిప్పయ్యా, కోత మొదలుపెట్టినావా? ఒక్కొక్కటే గట్టుకు చేరేస్తాండావు."

పక్క చేలో నుంచి మాబు సాబ్ అరిచాడు. ట్రాక్టరు బాడుగకు తోలే మనిషి. నాయనల కాలం నుంచి ఇద్దరివీ ఇరుగుపొరుగు చేలు.

"వేరు చూస్తాండా."

"రోజూ చూస్తే దానికి సిగ్గు పుట్టదా? పెండ్లికూతురి ముసుగు ఎత్తినట్ల ఎత్తెత్తి చూస్తాండావు."

తిప్పయ్య నవ్వలేదు. చేను పొడవునా ఒకసారి చూశాడు. విత్తి నెల దాటింది. మొలక బాగా వచ్చింది, సాలు ఎక్కడా తప్పలేదు. అయినా ఆకులన్నీ నిమ్మపండు రంగుకు తిరిగాయి. ఈ ఏడు వానలు కుదురుగానే పడ్డాయి. యాడికి మండలంలో ఏటేటా అనగలిగిన మాట కాదు అది. వాన లేక పంట పోతే తిట్టడానికి పైన ఆకాశం ఉంటుంది. వాన పడ్డాక కూడా పసుపెక్కిన చేనును చూసి ఎవరిని తిట్టాలో తిప్పయ్యకు తెలియలేదు. ఒకచోట నిలబడలేక చేను చుట్టూ తిరిగాడు. తిరిగి మొదటికి వచ్చాక, ఇంకో మొక్క మీదికి వంగబోయి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

సోయా ఆ ఊరి పంట కాదు. చుట్టూ ఉన్నవి శనక్కాయ, కంది, పప్పుశనగ. సోయాను తెచ్చింది తిప్పయ్య తమ్ముడు ఓబిలేష్. లారీ మీద పోయినప్పుడు ఆదిలాబాద్ దిక్కున చూసి, మన రేగడికి ఎందుకు పండదని పట్టుబట్టి, నిరుడు అర ఎకరంలో వేశాడు. కాపు అంతంత మాత్రమే వచ్చింది. ఊళ్ళో నవ్వారు. ఓబిలేష్ కూడా వాళ్ళతో కలిసి నవ్వి, "మొదటి ఏడు నేలకు కొత్త అన్నా. నేల కూడా నేర్చుకోవల్ల గదా. రెండో ఏడు చూడు" అన్నాడు. పంట కోసి, కుప్ప వేశాడు. నూర్చేలోపలే ఆ కుప్ప పక్కన గుండె పట్టుకుని కూలబడ్డాడు. నలభై నిండలేదు.

వాళ్ళ ఇంట్లో పోయినవాళ్ళను సొంత చేలోనే పెట్టుకుంటారు. ఓబిలేష్‌ను ఆ అర ఎకరం మూలలో పెట్టారు. కుప్పను తర్వాత ఎవరూ ముట్టలేదు. అక్కడే వానకు నాని, ఎండకు మాగి, నేలకు అతుక్కుపోయింది.

ఆ ఇంటిలో ఇంకో కట్టుబాటు ఉంది. మనిషిని పెట్టిన చేని మన్ను ఏడాది తిరిగేదాకా గట్టు దాటకూడదు. ఆ రోజు గుంత తవ్విన పారలనూ గడ్డపారనూ అక్కడే కడిగారు. వచ్చినవాళ్ళందరూ కాళ్ళు అక్కడే కడుక్కుని, వెనక్కి చూడకుండా నడిచారు. ఎందుకు దాటకూడదని అడిగితే తిప్పయ్య చెప్పలేడు. నాయన పోయినప్పుడు అట్లా చేశారు, తమ్ముడు పోయినప్పుడు తాను చేయించాడు. అప్పటి నుంచి ఆ అర ఎకరంలో అడుగు పెట్టిన ప్రతిసారీ గట్టు దగ్గర కాళ్ళు కడుక్కునే బయటికి వచ్చాడు.

ఈ ఏడు ఓబిలేష్ పాలుకు వచ్చిన భూమి మొత్తానికీ, ఆ అర ఎకరం తప్ప, సోయా వేయించింది ఓబిలేష్ భార్య రేఖ. ఆమెకు తాడిపత్రిలో వెంకటేశులు అని అన్న ఉన్నాడు. సోలార్ కంపెనీలకు భూములు కుదిర్చే పనిలో ఉన్నాడు. చెల్లెలి భూమిని లీజుకు ఇప్పించి, ఆమెను తాడిపత్రికి తీసుకుపోతానని దినాల నాటి నుంచి అంటున్నాడు. రేఖ ఒక్కటే మాట చెప్పింది.

"ఆయప్ప రెండో ఏడు చూడమన్నాడు. చూస్తా. పంట రాకుంటే నువ్వు చెప్పినట్లే."

అన్నదమ్ముల పాళ్ళ మధ్య ఎప్పుడూ రాయి పాతలేదు. ఇద్దరివీ ఒకే గొర్రుతో విత్తుకున్నారు. ఈ పంట పోతే అక్కడ ఇనుప కంచె వస్తుంది. తమ్ముడి మూల కంచె లోపల, గాజు పలకల నీడలో పడుతుంది. తిప్పయ్య రోజూ వేరు పీకి చూసేది అందుకే.

రేఖ ఫోన్ చేస్తే అగ్రికల్చర్ అసిస్టెంట్ సుహానా స్కూటీ మీద వచ్చింది. చిన్న వయసు పిల్ల, ఈ ఊరికి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. చేలో గొంతుక్కూర్చుని, వచ్చీ రాగానే ఒక మొక్కను పీకింది.

"ఇంకొకరు తయారైనారు" అన్నాడు మాబు సాబ్.

సుహానా వేరును తిప్పి తిప్పి చూసింది. "ఒక్క బుడిపె లేదు. విత్తనానికి కల్చర్ పట్టించినారా?"

"పట్టించినా మేడం" అంది రేఖ. "బెల్లం నీళ్ళలో కలిపి పట్టించి, నీడకే ఆరబెట్టినా."

"ఆ తర్వాత?"

రేఖ తిప్పయ్య వైపు చూసింది.

"తర్వాత నేను పొడిమందు పట్టించినా" అన్నాడు తిప్పయ్య. "శనక్కాయకు పట్టించేదే. తెగులు రాకుండా. మిద్దె మీద ఎండకు కూడా పోసినా, గింజకు బాగా అంటుకుంటాదని."

సుహానా చేతిలోని మొక్కను పక్కన పెట్టింది.

"అన్నా, కల్చర్ అంటే ప్రాణం ఉండేది. కంటికి కనపడదు గానీ, అదే వేరులో చేరి బుడిపెలు కట్టేది, గాలిలో ఉండే సత్తువను చెట్టుకు పెట్టేది. పొడిమందు ముందు పట్టించుకోవల్ల. కల్చర్ విత్తే ముందు, అన్నిటికంటే ఆఖర్న. మీరు దానికి కడుపునిండా బెల్లం పెట్టి, పైన విషం చల్లి, ఎండకు పండబెట్టినారు."

"శనక్కాయకు ఏ కల్చరూ లేకుండానే పండుతాది కదమ్మా."

"దానికి కావలసినది మీ తాతల కాలం నుంచి ఈ నేలలోనే ఉండాది. సోయాకు కావలసినది వేరే జాతి. అది ఈ నేలలో లేదు."

తప్పు ఎవరిదని రేఖ అనలేదు. ఆ వైపు పొడిమందు పట్టించని గింజ విత్తనమే కాదు. ఎర్రటి పొడి అంటిన గింజ చేతికి తగిలితే తప్ప గొర్రు పట్టిన మనిషికి ధైర్యం చిక్కదు. తిప్పయ్య చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి. రేఖ కూడా గోనెపట్ట అంచు పట్టుకుని గింజలను అటూ ఇటూ దొర్లించింది.

"ఇప్పుడు పోస్తే?" అని అడిగింది రేఖ.

"కల్చర్ కోసం ముందే అడిగినా. ఇప్పుడు యాడా లేదంటాండారు. తెప్పించేలోపల పూత వచ్చేస్తాది." సుహానా లేచి చుట్టూ చూసింది. "నిరుడు సోయా వేసి, బుడిపెలు బాగా కట్టిన చేను ఏదన్నా ఉంటే, ఆ మన్నులో ఉంటాది. పైమన్ను తీసి, మాగిన ఎరువులో కలిపి, సాలు పక్కనే గీత తీసి పోసి కప్పల్ల. నేల తడిగా ఉన్నప్పుడే. అంతా తేరుకుంటాదని చెప్పను. కొంతన్నా తేరుకుంటాది." అంతలో ఆమె చెయ్యి చాపింది. "అదో, అదేమి?"

అర ఎకరంలో, చివికిన కుప్ప చుట్టూ, ఎవరూ వేయని సోయా మొక్కలు గుంపుగా లేచి ఉన్నాయి. నిరుడు ఓబిలేష్ కల్చర్ పట్టించి వేసిన పంటలో కాయలు పగిలి రాలిన గింజలవి. కలుపులో కలిసిపోయి కూడా, నల్లగా కనిపించేంత పచ్చగా ఉన్నాయి.

సుహానా గట్టు దిగి ముందు నడిచింది. తిప్పయ్య వెనకే పోయి, ఆమె వంగేలోపల తానే ఒక మొక్కను మెల్లగా పెల్లగించాడు. వేరు నిండా ఆవగింజలంత, శనగగింజలంత గుండ్రటి బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీల్చాడు. లోపల ఎర్రగా ఉంది.

"ఆ ఎరుపే అన్నా. ఎర్రగా ఉంటే అది పని చేస్తాండాదని. ఈ మన్నే ఎత్తండి. ఇంత దగ్గర పెట్టుకుని..."

అప్పుడు ఆమెకు మూలలో రాళ్ళు పేర్చిన దిబ్బ, దాని మీద ఎండిన పూలదండ కనిపించాయి. గట్టు మీదే ఆగిపోయిన రేఖ కూడా కనిపించింది. సుహానా చున్నీని తల మీదికి లాక్కుంది.

"నాకు తెల్దన్నా" అని మాత్రం అని, మెల్లగా వెనక్కి వచ్చింది. తిప్పయ్య చెంబుతో నీళ్ళు పోస్తే, ఎందుకని అడగకుండా కాళ్ళు కడుక్కుంది.

ఆ తర్వాత తిప్పయ్యకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు. పారను గోడకు ఆనించేవాడు, మళ్ళీ తీసేవాడు. అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, ఆకాశం వైపు చూసేవాడు. తడి ఆరిపోతే ఏం చేసినా లాభం లేదు. చివరికి ఒక సాయంత్రం, పెరట్లో చెట్నీకి శనక్కాయలు ఒలుస్తున్న రేఖ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"రేఖమ్మా, ఆ మేడం చెప్పినది..."

"వద్దు బావా."

"చివర్న, దూరంగా, ఒక నాలుగు గంపలు..."

"అందరి కాళ్ళూ కడిగిచ్చింది నువ్వే కదా బావా. చెప్పుల సందుల్లో ఉండే మన్ను కూడా పుల్లతో తీసి ఆడే వేయమన్నావు. నేను కొంగుకు అంటిన మన్ను దులుపుకొని వచ్చినా. అంత చేసి, ఇప్పుడు పారతో ఎత్తుకపోతామా?" ఆమె తల ఎత్తలేదు. చేతిలోని కాయ పగిలి గింజలు దూరంగా దొర్లాయి. "నాకు మిగిలింది ఆ మూల ఒకటే. దాన్ని గుంతలు చేయద్దు."

తిప్పయ్య దొర్లిన గింజలను ఏరి ఆమె చేటలో వేసి వచ్చేశాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మాబు సాబ్‌తో మాత్రం అన్నాడు. ఇద్దరూ ట్రాక్టరు నీడలో కూర్చుని ఉన్నారు.

"మీ దాంట్లో ఎట్ల మాబన్నా?"

"మా దాంట్లో తలా మూడు పిడికిళ్ళు మన్ను వేసి వస్తాం. వేసినది మళ్ళా తెచ్చుకునే మాట నేను వినలేదు."

"నువ్వైతే ఏం చేస్తావు?"

"నన్నడగద్దప్పా. నా చేను శనక్కాయ." మాబు సాబ్ లేచి నిలబడి అన్నాడు, "గొర్రెల ఎరువు ఒక ట్రాలీ మాగి ఉండాది నా దగ్గర. మీకు కావల్నంటే ఉంచుతా. వద్దంటే నా చేనికి తోలుకుంటా. తొందరగా చెప్పండి, అంతే."

మరుసటి పొద్దున తిప్పయ్య మళ్ళీ ఒక మొక్క పీకాడు. తెల్ల వేరు.

రెండు రోజులు ముసురు పట్టి, తెరిపి ఇచ్చిన పూట, రోడ్డు మీద ఒక జీపు ఆగింది. వెంకటేశులు దిగాడు. అతనితో పాటు బూట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు, ఒక మూడు కాళ్ళ కొలత యంత్రం. రేఖ, తిప్పయ్య చేలో కలుపు తీస్తున్నారు.

"ఏమన్నా ఇది? నేను చెప్పలేదే" అంది రేఖ.

"ఊరికే కొలుచుకుంటారు పాపా. కొలిస్తే భూమి అరిగిపోతాదా?" వెంకటేశులు చేను వైపు చూసి నాలుక చప్పరించాడు. "ఇంక దీంట్లో చూసేదేముంది? ఆకులు చూడు, కామెర్లు వచ్చినట్ల. బావ మాత్రం ఏం చేస్తాడు పాపం, చేతనైనది చేసినాడు."

అంతలో ఆ ఇద్దరూ నేరుగా అర ఎకరంలోకి దిగారు. నలువైపులా కనిపించేది అక్కడి నుంచేనేమో, సరిగ్గా కుప్ప దగ్గర యంత్రం నిలబెట్టారు.

"అయ్యా, ఆడికి పోవద్దు" అని కేక వేస్తూ తిప్పయ్య పరుగెత్తాడు. ఒకతను అర్థం కాక చెయ్యి ఊపాడు. హిందీలో ఏదో అన్నాడు. వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళకు అది కొలవవలసిన భూమి. తిప్పయ్య చేరేసరికి పని ముగిసింది. వాళ్ళు గట్టు ఎక్కి, రోడ్డు వైపు నడిచారు.

తడిసిన రేగడి సంగతి దాంట్లో నడిచినవాళ్ళకే తెలుసు. అడుగు అడుగుకీ బూటుకు ఇంత మన్ను ఎక్కి, ఏనుగు పాదాల్లా అయ్యాయి. జీపు దగ్గర ఒకతను బూటును చక్రానికేసి కొట్టాడు. నల్లటి ముద్ద తారు మీద పడింది. ఇంకొకతను పుల్లతో గీకి గీకి విసుగు పుట్టి, అట్లాగే ఎక్కి కూర్చున్నాడు. వెంకటేశులు, "వస్తా రేఖా, పంట ముగిసినాక మాట్లాడుదాం" అని ముందు సీట్లో కూర్చున్నాడు. జీపు వెనక్కి తిరిగేటప్పుడు చక్రం ఆ ముద్ద మీదుగా పోయింది. తారు మీద ముద్ర ఒకటి మిగిలింది. కొంచెం దూరం వరకు చిన్న చిన్నగా మచ్చలు, ఆ తర్వాత ఏమీ లేదు.

రేఖ రోడ్డు మీద నిలబడి ఆ ముద్రను చాలాసేపు చూసింది. తిప్పయ్య చేతిలో చెంబు ఉంది. వాళ్ళకు కాళ్ళు కడుక్కోమని ఇవ్వడానికి పట్టుకుని పరుగెత్తిన చెంబు.

"యాడికి పోతారు వాళ్ళు?" అని అడిగింది.

"తాడిపత్రికేమో. ఆడి నుంచి అనంతపురం."

"అనంతపురం దాకా పోతాది." ఆమె చెప్పుతో ఆ ముద్ర అంచును తాకింది. మళ్ళీ కాలు వెనక్కి తీసుకుంది. "ఎవరి కాళ్ళకో అంటుకుని పోయే మన్ను, చేనికే పోనీ బావా. గంపలు తే."

మాబు సాబ్ ట్రాలీ ఎరువు ఆ మధ్యాహ్నమే వచ్చింది. గట్టు దగ్గర ట్రాక్టరు ఆపి, ఇంజన్ కట్టేసి, చెప్పులు విడిచి దిగాడు. ఈసారి హాస్యం ఆడలేదు.

మొదటి పార రేఖే వేసింది. మూలకు దూరంగా కాదు, కుప్ప ఉన్న చోటనే. నిరుటి కట్టెల కింద మన్ను మెత్తగా, కాఫీపొడిలా లేచింది. ఆమె లోతుకు దిగలేదు. చేటతో ఎత్తినట్టు పైపైన తీసింది. తిప్పయ్య ఇంకో పార పట్టుకున్నాడు. పని ఊపు అందుకున్నాక, వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపాడు.

"ఓబిలేషా, గంప."

పార ఆగిపోయింది. కొంచెంసేపటికి చాపిన చేతిలోకి గంప వచ్చింది. మాబు సాబ్ పెట్టాడు. తిప్పయ్య గంప నింపి, రేఖ నెత్తికి ఎత్తాడు. గట్టు దగ్గర ఆమె ఒక్క క్షణం నిలిచింది. తర్వాత దాటింది. కాళ్ళు కడుక్కోలేదు.

మన్నూ ఎరువూ కలిపి, సాళ్ళ పక్కన గీత తీసి, పోసి కప్పుకుంటూ పోయారు. మూడు రోజులు పట్టింది. వెనక భాగానికి చేరేసరికి తడి తగ్గింది. అక్కడ పోసింది పోసినట్టే ఎండిపోయింది. సుహానా వచ్చి చూసి, "ఇంక ముట్టుకోవద్దు" అంది. రేఖ ఆ మాట పట్టుకుంది.

"బావా, ఇంక ఒక్క మొక్క కూడా పీకద్దు. నేను చెప్పేదాకా."

అన్నిటికంటే అది కష్టమైంది తిప్పయ్యకు. పొద్దున లేచి చేలోకి పోయేవాడు. సాళ్ళ వెంట నడిచేవాడు. వేళ్ళు వాటంతట అవే మొక్క మొదలును వెతికేవి. తువ్వాలును చేతులకు చుట్టుకుని తిరిగేవాడు.

"ఏమప్పా, చేతులు విరిగినాయా?" అని మాబు సాబ్ అడిగితే, "పంట పండినాక విప్పుతా" అనేవాడు.

ఆకు రంగు ఒక్కసారిగా మారలేదు. మారిందా, తన కంటికి అట్లా కనిపిస్తోందా అన్నది చాలా రోజులు తేలలేదు. పొద్దున పచ్చగా అనిపించేది, మధ్యాహ్నం మళ్ళీ పసుపే. తర్వాత ఒక పూట, కొత్తగా వేసిన ఆకులు మాత్రం పచ్చగా ఉన్నాయని రేఖ అంది. ముందున్న సాళ్ళు తేరుకున్నాయి. వెనకవి తేరుకోలేదు. వినాయక చవితి పోయాక, రోడ్డు మీద నుంచి చూస్తే చేను సగం ఒక రంగు, సగం ఒక రంగుగా ఉంది. ముందు సగంలో కాయలు పట్టాయి. కణుపుకు మూడు, నాలుగు.

కోతకు ముందే వెంకటేశులు ఒక్కడే బండి మీద వచ్చాడు. ముందటి రోజు జల్లు పడి నేల పదునుగా ఉంది. చేలో దిగి, ముందు సగం చూశాడు. వెనక సగమూ చూశాడు.

"సగం కూడా లేదు రేఖా. నువ్వు చెప్పిన మాట నీకు గుర్తుండాది కదా."

"ఉండాది."

రేఖ వంగి ఒక మొక్కను పీకింది. అన్ని రోజుల్లో అది మొదటి మొక్క. తిప్పయ్య దగ్గరికి జరిగాడు. ఆమె మన్ను రాల్చింది. వేరుకు బుడిపెలు ఉన్నాయి. అర ఎకరంలో ఉన్నంత కాదు, అక్కడక్కడా, చెదురుగా. ఒకదాన్ని గోటితో చీల్చి అన్న ముందు పెట్టింది.

"ఏమిది?"

"నిరుడు ఈడ ఇది లేదు. ఇప్పుడు ఈ చేనంతా ఉండాది. వచ్చే ఏడు విత్తేదానికి తయారుగా ఉండాది." ఆమె వేరును తిప్పయ్య చేతిలో పెట్టింది. "నేను తప్పు లెక్క వేసుకున్నా అన్నా. ఆయప్ప వేసింది అర ఎకరంలో కదా. ఈ చేనికి ఇది మొదటి ఏడే. రెండో ఏడు ముందుండాది."

వెంకటేశులు బావ వైపు చూశాడు. తిప్పయ్య వేరులోకి చూస్తున్నాడు. తువ్వాలు ఎప్పుడు విప్పాడో చేతులకు లేదు.

"మొండిదానివి" అన్నాడు వెంకటేశులు. కోపంగా కాదు. "సరే, వచ్చే ఏడు కూడా వస్తా చూసేదానికి." గట్టు ఎక్కి బండి వైపు నడిచాడు. బూట్లకు మన్ను మందంగా అంటి ఉంది.

"అన్నా" అని పిలిచింది రేఖ.

అతను ఆగాడు.

"ఆ కాళ్ళు ఈడే దులుపుకొని పో."

వెంకటేశులు తన బూట్ల వైపు చూసుకున్నాడు. మళ్ళీ గట్టు దిగాడు. పుల్ల ఒకటి ఏరుకుని, ఒంటికాలి మీద నిలబడి, ఒక్కో బూటునూ గీకాడు. నల్లటి ముద్దలు సాలు పక్కన పడ్డాయి. అతను వెళ్ళిపోయాక తిప్పయ్య వాటిని కాలితో చిదిమి, తేరుకోని వెనక సాళ్ళ వైపు తోసుకుంటూ పోయాడు.